రాజ్యసభ ఆరేళ్లు సీటువా, సభ్యుడివా?

2024 ఫిబ్రవరిలో హిమాచల్ ప్రదేశ్‌లో రాజ్యసభ సీటుకు పోటీ జరిగితే ఓట్లు 34-34తో సమానమయ్యాయి. చీటీ వేశారు. అక్కడ పాటించిన పద్ధతిలో చీటీలో పేరు వచ్చినవారు ఓడినట్టు లెక్క. పేరు వచ్చింది కాంగ్రెస్ అభ్యర్థి అభిషేక్ మను సింఘ్వీది. అదే సింఘ్వీ ఆ ఏడాది ఆగస్టు 27న హైదరాబాద్‌లో, పోటీ అన్నదే లేకుండా, తెలంగాణ తరఫున రాజ్యసభకు ఎన్నికయ్యారు. అయితే ఆయనకు దక్కింది ఆరేళ్లు కాదు. గడువు 2026 ఏప్రిల్ 9 వరకే, అంటే ఏడాదిన్నర పైచిలుకు.

ఈ ఒక్క ఎన్నికలోనే మామూలు పాఠకుడికి వచ్చే సందేహాలన్నీ ఉన్నాయి. హిమాచల్‌లో ఓడిన మనిషి తెలంగాణ ప్రతినిధి ఎలా అయ్యారు? రాజ్యసభ సభ్యత్వం ఆరేళ్లని బడిలో చదువుకున్నాం కదా, మరి ఈ ఏడాదిన్నర ఏంటి? 2023 ఎన్నికల్లో 39 సీట్లు గెలిచిన బీఆర్‌ఎస్ కనీసం పోటీకి కూడా ఎందుకు దిగలేదు? పేపర్లో ‘ఏకగ్రీవం’ అని ఒక్క ముక్కలో తేల్చేసే వార్త వెనక చాలా లెక్క ఉంటుంది.

ఎంతమంది, ఎవరు ఎన్నుకుంటారు?

రాజ్యాంగం 80వ అధికరణం ప్రకారం రాజ్యసభలో గరిష్ఠంగా 250 మంది ఉండొచ్చు. ప్రస్తుతం ఉన్న స్థానాలు 245. అందులో 233 మందిని రాష్ట్రాలు, మూడు కేంద్రపాలిత ప్రాంతాలు (ఢిల్లీ, పుదుచ్చేరి, జమ్ము కశ్మీర్) ఎన్నుకుంటాయి. మిగతా 12 మందిని రాష్ట్రపతి నామినేట్ చేస్తారు. ‘పెద్దల సభ’ అంటాం గానీ పోటీకి 30 ఏళ్లు నిండితే చాలు.

ఏ రాష్ట్రానికి ఎన్ని సీట్లో నాలుగో షెడ్యూల్‌లో ఉంటుంది. అమెరికా సెనేట్‌లో లాగా రాష్ట్రానికి సమానంగా ఇన్ని అని మన దగ్గర లేదు. ఉత్తరప్రదేశ్‌కు 31, సిక్కింకు 1. పాత సూత్రం ఇది: జనాభాలో మొదటి 50 లక్షలకు ప్రతి పది లక్షలకూ ఒక సీటు, ఆపైన ప్రతి 20 లక్షలకూ ఒకటి. 1951 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రాంతపు జనాభా సుమారు 3 కోట్ల 12 లక్షలు. మొదటి 50 లక్షలకు 5, మిగతా 2 కోట్ల 62 లక్షలకు 13, మొత్తం 18. ఆ 18 సీట్లే 2014లో ఆంధ్రప్రదేశ్‌కు 11, తెలంగాణకు 7గా విడిపోయాయి. జనాభా పెరిగినా ఈ అంకెలు వాటంతటవి పెరగవు. రాష్ట్రాలు విడిపోయినప్పుడో కలిసినప్పుడో తప్ప పెద్దగా మారవు.

ఓటు వేసేది శాసనసభకు ఎన్నికైన సభ్యులు మాత్రమే. ఎమ్మెల్సీలకు ఈ ఓటు లేదు. నామినేటెడ్ ఎమ్మెల్యేకూ లేదు. ఆంగ్లో ఇండియన్ సభ్యుణ్ని నామినేట్ చేసే పద్ధతి ఉన్నన్నాళ్లూ తెలంగాణ శాసనసభలో 120 మంది ఉన్నా రాజ్యసభ ఎన్నికకు లెక్క 119 నుంచే మొదలయ్యేది. శాసనమండలి సభ్యులకూ ఆరేళ్లే, అక్కడా రెండేళ్లకోసారి మూడో వంతు మంది దిగిపోతారు. అందుకే చాలామంది ఈ రెండింటినీ కలిపేసుకుంటారు. పోలిక అక్కడితో సరి.

గడువు సీటుకే రాసి ఉంటుంది

రాజ్యసభ రద్దు కాదు. 83వ అధికరణం ఆ మాట చెప్పి, సభ్యుల్లో వీలైనంత దగ్గరగా మూడో వంతు మంది ప్రతి రెండో ఏడాదీ రిటైర్ అవుతారని అంటుంది. ఆరేళ్లు అన్న మాట రాజ్యాంగంలోని ఈ అధికరణంలో దొరకదు. అది 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 154వ సెక్షన్‌లో ఉంది.

1952 ఏప్రిల్ 3న సభ ఏర్పడ్డప్పుడు అందరూ ఒకేసారి వచ్చినవాళ్లే. అందరికీ ఆరేళ్లిస్తే 1958లో సభ ఒక్కసారిగా ఖాళీ అవుతుంది. అందుకని చీటీలు వేసి కొందరిని రెండేళ్లకు, కొందరిని నాలుగేళ్లకు, మిగతావాళ్లను ఆరేళ్లకు పంపారు. ఆ రోజు మొదలైన వరసే నేటికీ నడుస్తోంది. ప్రతి సీటూ ఏదో ఒక వరసలో ఉంటుంది. ఆ వరస గడువు వచ్చిన రోజున ఆ సీట్లో ఉన్నది ఎవరైనా, ఎప్పుడొచ్చినా, దిగాల్సిందే.

తెలంగాణ ఏడు సీట్ల వరస ఇలా ఉంది. మూడు సీట్లు 2018, 2024, 2030 ఏప్రిల్ వరసలో ఉన్నాయి. రెండు 2020, 2026 ఏప్రిల్ వరసలో, మరో రెండు 2022, 2028 జూన్ వరసలో. ఆంధ్రప్రదేశ్ పదకొండూ అంతే: మూడు 2024, 2030లో; నాలుగు 2020, 2026లో; నాలుగు 2022, 2028లో.

మధ్యలో సీటు ఖాళీ అయితే ఉప ఎన్నికలో వచ్చినవారు పాతవారి మిగిలిన కాలాన్నే పూర్తి చేస్తారు. ఆర్టీసీ బస్సులో ఒకరు సగం దారిలో దిగిపోతే ఆ సీట్లో కూర్చున్న మనిషి కోసం బస్సు మళ్లీ డిపో నుంచి బయలుదేరదు కదా. కె. కేశవరావు 2020 ఏప్రిల్‌లో బీఆర్‌ఎస్ (అప్పటి టీఆర్‌ఎస్) తరఫున ఎన్నికయ్యారు. 2024లో కాంగ్రెస్‌లోకి వెళ్లి జులైలో సభ్యత్వానికి రాజీనామా చేశారు. సింఘ్వీ కూర్చున్నది ఆ సీట్లో. దాని గడువు ముందే 2026 ఏప్రిల్ 9 అని ఖాయమై ఉంది.

వద్దిరాజు రవిచంద్ర ఉదాహరణ ఇంకా తేటగా ఉంటుంది. 2018లో ఎన్నికైన బండా ప్రకాశ్ ఎమ్మెల్సీ అయి 2021 డిసెంబరులో రాజ్యసభ సీటు వదిలేశారు. 2022 మేలో ఆ ఖాళీలోకి రవిచంద్ర వచ్చారు. అది 2018 వరస సీటు, కాబట్టి 2024 ఏప్రిల్‌తో సరి. రెండేళ్లు కూడా నిండలేదు. 2024 ఫిబ్రవరిలో మళ్లీ ఎన్నికయ్యారు, ఈసారి 2030 వరకు పూర్తి ఆరేళ్లు. అదే మనిషికి మొదటిసారి తునక, రెండోసారి నిండు కాలం.

ఖాళీ అయిన ప్రతి సీటుకూ ఉప ఎన్నిక రాదు. మామూలుగా ఆరు నెలల్లో భర్తీ చేయాలి గానీ, మిగిలిన కాలం ఏడాదిలోపే ఉంటే ఆ నియమం వర్తించదు. నల్గొండ నేత పాల్వాయి గోవర్ధన్‌రెడ్డి 2017 జూన్‌లో మరణించారు. ఆయన సీటు గడువు 2018 ఏప్రిల్, అంటే పది నెలలు కూడా లేదు. ఆ సీటు అలాగే ఖాళీగా ఉండి, 2018 మార్చిలో మిగతా రెండింటితో కలిసి ఎన్నికకు వచ్చింది.

30, 40, 60: ఒకే సభలో మూడు గెలుపు గీతలు

గందరగోళమంతా ఇక్కడే. రాజ్యసభకు ఎమ్మెల్యే ఒక్క ఓటే వేస్తారు, కాకపోతే అభ్యర్థులకు 1, 2, 3 అని ప్రాధాన్యాలు ఇస్తారు. గెలవడానికి కావాల్సిన ఓట్లను ‘కోటా’ అంటారు. ఒకటి కంటే ఎక్కువ సీట్లకు ఎన్నిక జరిగితే ఒక్కో ఓటుకు 100 విలువ కడతారు. మొత్తం విలువను సీట్లకు ఒకటి కలిపిన అంకెతో భాగించి, భిన్నం వదిలేసి, ఒకటి కలుపుతారు.

తెలంగాణలో 119 మందీ చెల్లే ఓట్లు వేశారనుకుందాం. మొత్తం విలువ 11,900. మూడు సీట్లకైతే 11,900ను 4తో భాగిస్తే 2,975, ఒకటి కలిపితే 2,976. అంటే 30 మంది ఎమ్మెల్యేలు. రెండు సీట్లకైతే 3తో భాగించాలి: కోటా 3,967, అంటే 40 మంది. ఒక్క సీటే అయితే వందల లెక్క ఉండదు, ఓటు విలువ ఒకటే. 119లో సగానికి పైన, 60 మంది కావాలి.

ఇప్పుడు 2023 డిసెంబరు ఫలితాలు పెట్టుకుని చూడండి. కాంగ్రెస్ 64, మిత్రపక్షం సీపీఐ 1, బీఆర్‌ఎస్ 39, బీజేపీ 8, మజ్లిస్ 7. 2024 ఫిబ్రవరిలో మూడు సీట్లు వచ్చాయి, గీత 30 దగ్గర ఉంది. కాంగ్రెస్, సీపీఐ 65 మందితో రెండు సీట్లకు 60 పోగా 5 మిగిలాయి. బీఆర్‌ఎస్‌కు ఒక సీటుకు 30 పోగా 9 మిగిలాయి. నాలుగో అభ్యర్థిని నిలబెడితే ఎవరికైనా ఇరవై మందికి పైగా ఎదుటివాళ్ల దగ్గర్నుంచి తెచ్చుకోవాల్సిన పని. ఎవరూ ఆ సాహసం చేయలేదు. రేణుకా చౌదరి, అనిల్ కుమార్ యాదవ్, రవిచంద్ర ఓటింగ్ లేకుండానే ఎన్నికయ్యారు. ఏకగ్రీవం అనగానే రాజీ కుదిరిందని అనుకుంటాం. చాలాసార్లు అది కూడికలు, తీసివేతలు ముందే ఇంట్లో చేసుకున్న ఫలితం.

అదే ఏడాది ఆగస్టులో ఖాళీ ఒక్కటే. గీత 60కి ఎక్కింది. అదే సభ, దాదాపు అవే బలాలు. ఫిబ్రవరిలో ఒక సీటు సులువుగా తెచ్చుకున్న పార్టీకి ఆగస్టులో దారే లేదు. గమనించాల్సింది ఏమిటంటే, కేశవరావు 2020లో గెలిచినప్పుడు ఆ సీటు మరో సీటుతో కలిసి, 40 గీత మీద వచ్చింది. మధ్యలో విడిగా ఖాళీ అయ్యేసరికి 60 గీత కిందికి వెళ్లింది. కేవలం అంకెల మాటగా చెప్పాలంటే, 2023 ఫలితాల ప్రకారం బీఆర్‌ఎస్ ఆ 40 గీతకు ఒక్క అడుగు దూరంలో ఉంది. ఆ తర్వాత ఫిరాయింపులు, ఉప ఎన్నికలతో ఆ లెక్క మారిపోయింది, అది వేరే కథ.

ఓటుకు వంద విలువ ఎందుకన్న అనుమానం రావచ్చు. మిగులు ఓట్లను పంచడానికి. మూడు సీట్ల ఎన్నికలో ఒక అభ్యర్థికి 36 మంది మొదటి ప్రాధాన్యం ఇచ్చారనుకోండి. విలువ 3,600. కోటా 2,976 పోగా మిగులు 624. దాన్ని ఆ 36 బ్యాలెట్లకూ పంచితే ఒక్కోదానికి 17 (భిన్నం వదిలేస్తారు). ఆ 36 మందీ రెండో ప్రాధాన్యం తమ పార్టీ రెండో అభ్యర్థికే ఇచ్చి ఉంటే ఆయనకు 612 చేరుతుంది. ఆయనకు సొంతంగా 29 మంది ఉన్నారనుకుంటే 2,900కు 612 కలిసి 3,512. కోటా దాటేశారు. పోలింగ్ ముందు రోజు పార్టీలు ఎమ్మెల్యేలను హోటల్లో కూర్చోబెట్టి మాక్ పోలింగ్ పెట్టేది ఎక్కువగా ఈ రెండో అంకె తప్పు పడకూడదనే.

ఖాళీలను కలపాలా, విడదీయాలా?

ఒకేసారి రెండు మూడు సీట్లు మధ్యలో ఖాళీ అయితే వాటిని కలిపి ఎన్నిక పెట్టాలా, విడివిడిగానా? దీని మీద గట్టి వాదమే నడిచింది. 2019లో గుజరాత్ రాజ్యసభ సభ్యులు అమిత్ షా, స్మృతి ఇరానీ లోక్‌సభకు గెలిచారు. లోక్‌సభకు ఎన్నికైతే రాజ్యసభ సీటు చట్టం ప్రకారం దానంతటదే ఖాళీ అవుతుంది. రెండు సీట్లూ 2017 వరసవే, ఒకే రోజు ముగిసేవే. ఎన్నికల సంఘం మాత్రం రెండింటికీ ఒకే రోజున, కానీ వేర్వేరు ఎన్నికలుగా పోలింగ్ పెట్టింది. కలిపి పెడితే కాంగ్రెస్‌కు ఒకటి వచ్చే అవకాశం ఉండేది. విడదీస్తే రెండూ బీజేపీవే. కాంగ్రెస్ సుప్రీంకోర్టుకు వెళ్లింది గానీ కోర్టు ఎన్నికను ఆపలేదు. రెండూ బీజేపీకే వెళ్లాయి.

విడదీయాలనేవారి మాట ఇది: గడువు తీరి ఖాళీ అయ్యే సీట్లు ఒక వర్గం, మధ్యలో ఖాళీ అయ్యేవి మరో వర్గం, ఈ రెండోవి దేనికదే ప్రత్యేకం. ఢిల్లీ హైకోర్టు 1994లోనే ఈ పద్ధతిని సమర్థించింది, ఎన్నికల సంఘం చాలా ఏళ్లుగా పాటిస్తోంది. అవతలి వాదం: దామాషా ప్రాతినిధ్యం పెట్టిందే చిన్న పక్షాలకూ బలాన్ని బట్టి సీట్లు దక్కాలని. ఒకే గడువున్న రెండు ఖాళీలను విడదీస్తే దామాషా అనే మాటకు అర్థం ఉండదు, మెజారిటీ పార్టీయే అన్నీ ఊడ్చేస్తుంది. గడువులు వేరైనప్పుడు విడదీయడం అర్థమవుతుంది, ఎవరికి ఎన్నేళ్లో తేలాలి కదా. ఒకే రోజు ముగిసే సీట్ల విషయంలో మాత్రం రెండో వాదమే నాకు బరువుగా కనిపిస్తుంది. చట్టం ఇప్పటికి మొదటి వైపే ఉంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2024లో మోపిదేవి వెంకటరమణ, బీద మస్తాన్‌రావు, ఆర్. కృష్ణయ్య వైసీపీ నుంచి వచ్చిన సభ్యత్వాలకు రాజీనామా చేశారు. డిసెంబరులో సానా సతీశ్, బీద మస్తాన్‌రావు టీడీపీ తరఫున, కృష్ణయ్య బీజేపీ తరఫున పోటీ లేకుండా వచ్చారు. ఇద్దరు తాము వదిలిన సభకే వేరే జెండాతో తిరిగొచ్చారన్నమాట. కొత్తగా ఆరేళ్లు మాత్రం ఎవరికీ రాలేదు: మోపిదేవి సీట్లోకి వచ్చిన సతీశ్‌కు 2026 జూన్, మిగతా ఇద్దరికీ 2028 జూన్.

రాజీనామా ఎందుకు, ఊరికే పార్టీ మారొచ్చుగా?

మారితే సభ్యత్వం పోతుంది. పార్టీ ఫిరాయింపులను అడ్డుకునే పదో షెడ్యూల్ రాజ్యసభకూ వర్తిస్తుంది. దీనికి ఉన్న దారి విలీనం: సభలో ఆ పార్టీ సభ్యుల్లో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటే అనర్హత పడదు. 2019 జూన్‌లో టీడీపీకి రాజ్యసభలో ఆరుగురుంటే సుజనా చౌదరి, సీఎం రమేశ్, టీజీ వెంకటేశ్, గరికపాటి మోహన్‌రావు నలుగురూ బీజేపీలో కలిసిపోయారు. ఆరింట నాలుగు, సరిగ్గా రెండొంతులు. సీట్లు అలాగే ఉన్నాయి.

ఇక్కడే ఇంకో తికమక. రాజ్యసభ ఎన్నికలో ఎమ్మెల్యే పార్టీని కాదని వేరేవాళ్లకు ఓటేస్తే అనర్హత వేటు పడుతుందా? పడదు. ఈ ఓటింగ్ సభా కార్యకలాపం కిందికి రాదు, కాబట్టి విప్ (ఇలా ఓటేయాలన్న పార్టీ ఆదేశం) ఉల్లంఘన కాదు. పార్టీ సస్పెండ్ చేసుకోవచ్చు, అంతే. హిమాచల్‌లో సింఘ్వీకి ఓటు వేయని ఆరుగురు కాంగ్రెస్ ఎమ్మెల్యేలు రెండు రోజుల్లోనే అనర్హులయ్యారు కదా అంటారు. వాళ్ల మీద వేటు పడ్డది బడ్జెట్ ఓటింగ్‌లో విప్‌ను ధిక్కరించినందుకు.

2003 వరకు ఇది రహస్య ఓటు. డబ్బు చేతులు మారుతోందన్న ఆరోపణలతో ఆ ఏడాది చట్టం మార్చి బహిరంగ ఓటు చేశారు. ఎమ్మెల్యే గుర్తు పెట్టిన బ్యాలెట్‌ను పెట్టెలో వేసే ముందు తన పార్టీ అధీకృత ఏజెంటుకు చూపించాలి. వేరేవాళ్లకు చూపిస్తే చెల్లదు. 2017లో గుజరాత్‌లో ఇలాగే రెండు ఓట్లు చెల్లవని తేల్చారు, దాంతో కాంగ్రెస్ అభ్యర్థి అహ్మద్ పటేల్ గట్టెక్కారు. పెన్ను కూడా ఎన్నికల సంఘం ఇచ్చిన వయొలెట్ స్కెచ్ పెన్నే వాడాలి. 2016లో హరియాణాలో వేరే పెన్నుతో గుర్తు పెట్టారని డజను దాకా ఓట్లు చెల్లకుండా పోయి ఫలితమే తారుమారైంది. నోటా కూడా ఈ ఎన్నికలో చెల్లదని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది.

మనవాళ్లు అక్కడ, అక్కడివాళ్లు ఇక్కడ

2003 సవరణ రెండో మార్పు కూడా తెచ్చింది. అంతకుముందు ఏ రాష్ట్రం నుంచి పోటీ చేస్తే ఆ రాష్ట్రంలో ఓటరై ఉండాలి. ఇప్పుడు దేశంలో ఏ లోక్‌సభ నియోజకవర్గంలో ఓటు ఉన్నా చాలు. జర్నలిస్టు కుల్దీప్ నయ్యర్ దీన్ని సవాలు చేశారు. రాష్ట్రానికి ప్రతినిధి ఆ రాష్ట్రం మనిషి కాకపోతే రాష్ట్రాల సభ అన్న పేరుకు అర్థమేంటన్నది ఆయన వాదన. 2006లో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఒప్పుకోలేదు. నివాసం ఉండాలన్నది సమాఖ్య విధానానికి ప్రాణం లాంటిదేమీ కాదని, అర్హతలు నిర్ణయించుకునే అధికారం పార్లమెంటుదని చెప్పింది.

పాత నియమం గొప్పగా నడిచిందని చెప్పలేం. మన్మోహన్ సింగ్ 1991 నుంచి గువాహటి చిరునామాతో అస్సాం సభ్యుడిగా కొనసాగారు. నెల్లూరు జిల్లా వెంకయ్య నాయుడు 1998 నుంచి మూడుసార్లు కర్ణాటక నుంచి వెళ్లారు. ఓటర్ల జాబితాలో పేరు ఎక్కించుకోవడం ఎవరికీ కష్టం కాలేదు. ఆ నియమం అప్పటికే పేరుకు మాత్రమే మిగిలిందని, 2003లో దాన్ని దాపరికం లేకుండా తీసేశారని సమర్థకులు అంటారు. అసలు ఆ కాస్త అడ్డు కూడా లేకపోతే ఢిల్లీ పెద్దలు ఎక్కడ మెజారిటీ ఉంటే అక్కడ వాలిపోతారని విమర్శకులు. తెలుగు నేల రెండువైపులా చూసింది. నేదురుమల్లి జనార్దనరెడ్డి మరణంతో ఖాళీ అయిన సీట్లో నిర్మలా సీతారామన్ 2014లో ఆంధ్రప్రదేశ్ నుంచి రెండేళ్లున్నారు, తర్వాత కర్ణాటకకు మారారు. సురేశ్ ప్రభు 2016లో, పరిమళ్ నత్వానీ 2020లో ఆంధ్ర నుంచే వెళ్లారు. వెంకయ్య 2016లో రాజస్థాన్‌కు వెళ్లారు. ఎల్బీ నగర్ ఎమ్మెల్యేగా చేసిన కృష్ణయ్య ఆంధ్రప్రదేశ్ సభ్యుడు.

దీని వల్ల ఊళ్లో తేడా పడేది ఎంపీ నిధుల్లో. రాజ్యసభ సభ్యుడు ఏడాదికి 5 కోట్ల పనులను తనను ఎన్నుకున్న రాష్ట్రంలో ఏ జిల్లాలోనైనా సిఫారసు చేయొచ్చు. ఆయన ఇల్లు ఎక్కడున్నా నిధుల చిరునామా ప్రధానంగా ఎన్నుకున్న రాష్ట్రమే.

విచిత్రమైన చిక్కు మాత్రం 2014లో వచ్చింది. ఉమ్మడి రాష్ట్రపు సభ్యులను రెండు రాష్ట్రాలకు పంచడానికి చీటీలు వేశారు. కడప జిల్లా సీఎం రమేశ్ తెలంగాణకు వచ్చారు. కేవీపీ రామచంద్రరావు కూడా. తెలంగాణ ఉద్యమ పార్టీ నేత కేశవరావు, ఖమ్మం నేత రేణుకా చౌదరి, దేవేందర్ గౌడ్ ఆంధ్రప్రదేశ్ ఖాతాలో పడ్డారు. 2018, 2020 వరసలు ముగిసేదాకా కాగితం మీద అంతే.

నామినేటెడ్ పన్నెండుగురు

సాహిత్యం, విజ్ఞానం, కళలు, సామాజిక సేవ రంగాల వాళ్లను రాష్ట్రపతి నామినేట్ చేస్తారు, కేంద్ర ప్రభుత్వ సలహా మేరకే. సి. నారాయణరెడ్డి 1997లో, వి. విజయేంద్ర ప్రసాద్ 2022లో ఇలా వెళ్లారు. వీళ్లకూ ఆరేళ్లు. ఉపరాష్ట్రపతి ఎన్నికలో ఓటుంది, రాష్ట్రపతి ఎన్నికలో లేదు. ప్రమాణం చేసిన ఆరు నెలల్లోపు ఏదైనా పార్టీలో చేరొచ్చు. ఆ తర్వాత చేరితే సభ్యత్వం పోతుంది.

ఏ అసెంబ్లీకి ఎన్ని సీట్లు తగులుతాయి?

మూడో వంతు అన్నది మొత్తం సభకు చెప్పిన మాట, ఒక్కో రాష్ట్రానికి కాదు. ఢిల్లీలో మూడు సీట్లూ ఒకే రోజు ఖాళీ అవుతాయి. జమ్ము కశ్మీర్‌లో మొదట అసెంబ్లీయే లేక, 2024 అక్టోబరులో అది ఏర్పడ్డాక కూడా ఏడాది పాటు ఎన్నిక జరగక, 2021 ఫిబ్రవరి నుంచి 2025 అక్టోబరు దాకా నలుగురిలో ఒక్కరూ లేరు. సభ శాశ్వతమే గానీ అక్కడి కుర్చీలు నాలుగేళ్లకు పైగా ఖాళీ.

శాసనసభది ఐదేళ్లు, రాజ్యసభ వరస రెండేళ్లకోసారి. అసెంబ్లీ ఎన్నికలు ఎప్పుడు పడ్డాయన్నదాన్ని బట్టి ఒక సభకు రెండు వరసలు తగలొచ్చు, మూడూ తగలొచ్చు. 2019లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ శాసనసభకు 2020, 2022, 2024 మూడూ తగిలాయి. టీడీపీకి అప్పుడు 23 మంది. నాలుగు సీట్ల ఎన్నికలో కోటా 3,501, అంటే 36 మంది. మూడు సీట్లకు 44 మంది. ఏ గీతకూ అందలేదు. 2024 ఏప్రిల్ నాటికి 11కు 11 వైసీపీవే అయ్యాయి, పార్టీ పుట్టాక తొలిసారి రాజ్యసభలో టీడీపీ సున్నా అయింది.

తెలంగాణలో 2018 సెప్టెంబరులో కేసీఆర్ సభను ముందే రద్దు చేయడంతో ఎన్నికల నెల మారింది. అప్పట్లో ఎవరూ రాజ్యసభ గురించి ఆలోచించి ఉండరు. కానీ ఆ మార్పు వల్లే 2024 ఫిబ్రవరిలో రాజ్యసభ నోటిఫికేషన్ వచ్చేసరికి హైదరాబాద్‌లో రెండు నెలల కిందట ఏర్పడిన కొత్త సభ కూర్చుని ఉంది. పాత లెక్కన ఎన్నికలు వేసవిలోనే పడి ఉంటే ఆ మూడు సీట్లనూ పాత సభే నింపేది. 2023 డిసెంబరులో వచ్చిన ఈ సభ నిండా ఐదేళ్లు నడిస్తే 2024, 2026, 2028 మూడు వరసలూ, అంటే ఏడుకు ఏడు సీట్లూ దాని చేతి మీదుగానే వెళ్తాయి.

అదే ఫిబ్రవరిలో అమరావతిలో ఇంకా పాత సభే ఉంది. వైవీ సుబ్బారెడ్డి, గొల్ల బాబూరావు, మేడా రఘునాథరెడ్డిని అది ఎన్నుకుంది. నాలుగు నెలల్లో వైసీపీ 151 నుంచి 11కు పడిపోయింది. ఆ ముగ్గురి గడువు మాత్రం 2030 ఏప్రిల్. 2024 జూన్‌లో కొలువుదీరిన శాసనసభకు 2029లోనే కాలం తీరుతుంది. కాబట్టి ఎవరైనా రాజీనామా చేస్తేనో మరో కారణంతో సీటు ఖాళీ అయితేనో తప్ప, 164 మంది బలమున్న కూటమికి ఆ మూడు సీట్ల మీద ఒక్క ఓటు కూడా వేసే వీలు లేదు.